పరగడుపున ఐదు మిల్లీగ్రాములు

ఢిల్లీరావుని చంపిన ఆయుధం బరువు ఐదు మిల్లీగ్రాములు. ఆవేళ ఏకాదశి, మెతుకు ముట్టలేదు. హరిశ్చంద్రపురం స్టేషన్ బెంచీ మీద చెమటలు పట్టి ప్రాణం విడిచాడు. గుండెపోటన్నారు. జేబులో షుగరు మాత్రల స్ట్రిప్ దొరికింది.

మర్నాడు శుక్రవారం. టెక్కలిలో మెడికల్ రెప్ వేషంలో ఉన్న ఏజెంట్ వైకుంఠరావుకి చీఫ్ ఫోన్ చేశాడు.

"విదేశీ ముఠా ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటకి పేలుడు సామాను దించుతోంది. ఢిల్లీరావు పోయాడు, ఏ ఒడ్డునో తెలిసిన సాక్షి ఇక నతానియేల్ ఒక్కడే. పలాస చర్చిలో ఉన్నాడు. చెప్పించు."

"డాక్టర్ ప్రియ?"

"మన మనిషే. హెల్త్ క్యాంపు పేరుతో అతన్ని కనిపెట్టుకునుంది."

ప్రియ అందగత్తె. ముఠాలో మనం పెట్టిన కన్ను అని డిపార్టుమెంటు నమ్మకం.

పన్నెండున్నరకి వైకుంఠరావు చర్చి చేరాడు. లోపల ఉపవాస ప్రార్థన. నతానియేల్ మోకాళ్ల మీద తల వంచి ఉన్నాడు. భార్య సువర్ణమ్మ గుమ్మంలోనే ఆపింది.

"పార్థన అయ్యేదాకా మాటాడడు బావూ. పొద్దుట్నుంచి ఏటీ తిన్నేదు. మాత్ర ఒక్కటే ఏసుకున్నాడు."

"ఏ మాత్ర?"

"డాకటరమ్మ కొత్తగా ఇచ్చిన సుగరు మాత్ర. మందు తిండి కాదు గదా, ఉపాసం సెడదు."

ఆమె చూపించిన స్ట్రిప్ ఢిల్లీరావు జేబులో దొరికిన రకమే. గ్లిబెన్‌క్లమైడ్. అది మంచి మందే. క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయించి షుగరు దింపుతుంది. కడుపు ఖాళీగా ఉంటే ప్రాణం మీదికి వచ్చేదాకా దింపుతుంది. పైగా ఉద్దానం మనిషి, కిడ్నీలు సగం పోయినవాడు, మందు ఒంట్లోంచి త్వరగా పోదు. ప్రియకి ఆ రిపోర్టూ తెలుసు, ఈ శుక్రవారపు ఉపవాసాలూ తెలుసు.

నతానియేల్ చొక్కా తడిసి ముద్దయింది. ప్రార్థనలో లీనమయ్యాడనుకుని ఎవరూ కదపలేదు. వైకుంఠరావు రెప్ బ్యాగులోని గ్లూకోమీటరు, డెబ్భైకి తగ్గకూడని చోట, ముప్పై ఎనిమిది చూపించింది.

"నతానియేల్ గారూ, మింగగలరా?"

తల కొద్దిగా ఊగింది. ప్రభువు బల్లకని ఉంచిన ద్రాక్షరసంలో పంచదార కలిపి సువర్ణమ్మ గ్లాసు అందించింది. అతను పళ్లు బిగించాడు.

"తాగు. దేవుడికి నాను సెప్పుకుంటాను," అంది ఏడుస్తూ.

తాగాడు. పన్నెండూ యాభైకి పెదవులు కదిలాయి. "మూలపేట."

వైకుంఠరావు వైర్‌లెస్‌లో అదే మాట చెప్పాడు. పడవని ఒడ్డు తాకకముందే చుట్టుముట్టారు. షుగరు మళ్లీ పడిపోతుందని తెలుసు కాబట్టి నతానియేల్‌ని రెండు రోజులు ఆసుపత్రిలో గ్లూకోజు డ్రిప్ మీద ఉంచారు.

రైలెక్కి పారిపోబోతూ దొరికి, పలాస ప్లాట్‌ఫారం మీద బేడీలు పడుతుంటే ప్రియ నవ్వింది. "నేనిచ్చింది మందే కదా, రావుగారూ."

ఢిల్లీరావు గుర్తొచ్చి వైకుంఠరావుకి ఒళ్లు మండింది.

"మందే మేడమ్. అన్నం తిని వేసుకోమని చెప్పడం ఒక్కటే మర్చిపోయారు."