ఎర్రగీతకు కాపలా

బుడమేరు నీళ్ళు కొల్లేరు మీద పడి రోడ్లన్నీ మునిగిన ఏడుందే, దాని మరుసటి ఏడు జరిగిందిది.

ఆ ఉదయం గుండుగొలను పక్క ఊళ్ళో, మత్తయి ఇంట్లో ఇడ్లీలు ఉడుకుతున్నాయి. కొడుకు జాకబ్ పెదవేగిలో పామాయిల్ మిల్లు డ్యూటీకి తయారవుతున్నాడు. కోడలు సువార్త క్యారేజీ సర్దుతోంది. మత్తయి మొహం కడుక్కుని నేరుగా వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

అది కొడుకు అప్పజెప్పిన పని. మనవరాలు జాయ్సీకి ఏలూరులో నర్సింగ్ సీటొచ్చింది. హాస్టల్లో ఫోన్ పిచ్చిలో పడిపోతుందేమోనని జాకబ్ భయం. ఫోన్ ఎంతసేపు చూస్తున్నారో లెక్కగట్టే యాప్ ఒకటుందని విన్నాడు. మిల్లులోకి ఫోన్ తేనివ్వరు, మత్తయిది బటన్ల ఫోను. అందుకని సెల్ షాపతని చేత ఆ యాప్‌ను జాయ్సీ ఫోన్లో వేయించి, ఆ పిల్ల పేరుతోనే ఇంట్లో కంప్యూటర్లోనూ నడిచేలా చేయించాడు. "ఫోన్ చూసేకొద్దీ ఈ గీత పెరుగుతుంది నాన్నా, పచ్చగా ఉంటే పర్లేదు. ఎర్రబడితే చెప్పండి, చాలు" అన్నాడు.

మూడో తరగతితో బడి మానేసిన మత్తయికి రంగులు చాలు. ఎప్పుడు ఎర్రబడుతుందోనని రోజంతా తెర ముందు నుంచి లేచేవాడు కాదు.

"నిన్న ఎలా ఉంది నాన్నా?"

"ఎరుపే" అన్నాడు మత్తయి.

జాకబ్ చేతిలోని పళ్ళెం కింద పెట్టేసి కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా, రోజూ ఇదేనా?"

"గంట కూడా చూడలేదు డాడీ! ఒట్టు!"

"అబద్ధాలు కూడా మొదలెట్టావా?"

"తాతయ్యా, మీరైనా చెప్పండి. నిన్న పగలంతా మీ పక్కనే బట్టలు కుట్టుకుంటూ కూర్చోలేదా?"

మత్తయి పిల్ల మొహం చూశాడు. తెర చూశాడు. "ఎర్రగానే ఉందమ్మా" అన్నాడు.

ఎప్పుడూ నోరు విప్పని మనిషి చెప్పిన మాట. జాకబ్‌కు అది చాలింది. జాకబ్ ఫోన్ లాక్కుని, ఆపేసి, బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఎల్లుండి చేరడం లేదు, ఏమీ లేదు. ఇంట్లోనే ఉండు!"

"ఏవండీ, సీటు పోతుందండీ!" అంది సువార్త.

"పోనీ."

జాయ్సీ ఆ పూట నుంచి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు.

మర్నాడు మత్తయి అలవాటు కొద్దీ మళ్ళీ తెర ముందు కూర్చున్నాడు. పొద్దున పచ్చగా ఉన్న గీత మధ్యాహ్నానికి ఎర్రబడింది. ఫోన్ చూస్తే బీరువాలో ఉంది. తాళంచెవి పెదవేగిలో ఉంది. మత్తయి కంప్యూటర్ ఆపి కాలవగట్టు దాకా పోయి చాలాసేపటికి తిరిగొచ్చాడు. తెరిచి చూస్తే గీత ఎక్కడిది అక్కడే ఉంది. కూర్చున్నాడు. మళ్ళీ పెరిగింది.

పిల్ల పేరుతో తెరిచిన ఈ కంప్యూటర్ కూడా ఆ యాప్‌కు పిల్ల ఫోనే. తను చూసిన పొద్దంతా పిల్ల ఖాతాలో పడింది.

తను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే మత్తయికి తన మీద తనకు రోత పుట్టింది. పురిట్లో తన చేతుల్లోకి తీసుకున్న పిల్ల. పక్కనే కూర్చుని ఉంటే, కళ్ళారా చూసి కూడా, ఎరుపే అన్నాడు.

సాయంత్రం జాకబ్ చెప్పులు విప్పుతుండగానే ఎదురెళ్ళాడు.

"ఆ ఎరుపు నాదిరా."

"ఏంటి నాన్నా?"

మాటలు కూడబలుక్కుని జరిగింది చెప్పాడు. జాకబ్ నమ్మలేదు. తనే కూర్చుని గీత పెరగడం చూశాక తల దించుకున్నాడు.

"అయితే ఇప్పుడు మావయ్యగారిని బీరువాలో పెట్టి తాళం వేస్తారాండీ?" అంది సువార్త. నవ్వబోయింది గాని ఏడుపొచ్చేసింది.

జాయ్సీ గుమ్మంలో నిలబడి ఉంది. "ఫోన్ తీసుకున్నందుకు కాదు తాతయ్యా. మీరు నా మొహం చూసి కూడా అలా అన్నారు చూడండి..."

మత్తయి రెండు చేతులూ జోడించబోయాడు. పిల్ల ఆ చేతులు పట్టేసుకుని భోరుమంది. జాకబ్ వచ్చి కూతురి తల మీద చెయ్యి వేశాడు. "తప్పు నాదమ్మా. కాపలా పెట్టింది నేను. రేపు వెళ్ళి చేరు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మత్తయి మనవరాలి పెట్టె భుజానికెత్తుకున్నాడు. జాకబ్ అందుకోబోతే ఇవ్వలేదు. హైవే దాకా మోసి, ఏలూరు బస్సు ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఛార్జర్ పెట్టుకున్నావా అమ్మా?" అని అడిగాడు.