మెరుగు పెట్టిన మెడ

వాల్టర్ క్విస్ట్ తన పొలం కంచెకు ముళ్లతీగ బిగిస్తున్నాడు. రెండు మేకులు పళ్ల మధ్య పట్టుకుని, మూడోది కొట్టడానికి సుత్తి ఎత్తాడు. ఎత్తిన సుత్తి కింద పడింది. దాని పక్కనే క్విస్ట్ పడ్డాడు. తుపాకీ చప్పుడు ఆ తర్వాత తీరిగ్గా వచ్చింది.

కొట్టినవాళ్లు తొమ్మిది వందల గజాల అవతల, గుట్ట మీద పడుకుని కొట్టారు. మోంటానా గాలి అడ్డంగా తోసే చోట, అంత దూరం నుంచి ఒక్క గుండుతో మనిషిని పడగొట్టగలవాళ్లు, గురికాళ్లకు పేరుపడ్డ కోల్డ్ ఫోర్క్ ఊళ్లో కూడా పదిమందికి మించరు. షెరీఫ్ లోమాక్స్ గుట్ట ఎక్కితే గడ్డిలో ఖాళీ ఇత్తడి తొడుగు ఒకటి దొరికింది. తూటా పేలాక మిగిలేది అదే. దాని అడుగు అంచున ఆకురాయితో గీసిన చిన్న గాటు ఉంది. ఆ గాటు ఎవరిదో ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆర్విల్ టాకెట్ అనే డెబ్బై ఏళ్ల ముసలాయన లాకప్పులో ఉన్నాడు. ఇది 1978 జూన్ నాటి మాట.

తొమ్మిదో రోజున వాషింగ్టన్‌లో, బోర్డు లేని ఒక ఆఫీసులో, హాడ్లీ ప్రూవిట్ ఒక ఫైలు బల్ల మీదకు విసిరాడు. బల్లకు ఇవతల ఏజెంట్ డెల్మార్ రోక్ నిలబడి ఉన్నాడు. కుర్చీ ఉంది గానీ కూర్చోమని ఎవరూ అనలేదు.

"క్విస్ట్ ఏం చేసేవాడో తెలుసుగా?"

"క్షిపణి దారి లెక్కలు కట్టేవాడు."

"సగం లెక్క అతని తలలో, మిగతా సగం డాక్టర్ ఐనా సోర్లీ తలలో. ఆమె కూడా కోల్డ్ ఫోర్క్‌లోనే ఉంది, శనివారం ఉదయం పదకొండు పదికి అక్కడ రైలెక్కుతుంది. ఈలోపు నువ్వెళ్లి ఆ ముసలాడి చేత నేరం ఒప్పుకున్నట్టు సంతకం పెట్టించు. ఫైలు మూసేద్దాం."

సోర్లీకి కాపలా ఎవరని రోక్ అడిగాడు. హంతకుడు కటకటాల వెనక ఉంటే కాపలా ఎందుకు, తీసేశామన్నాడు ప్రూవిట్. అవతలి దేశం గూఢచారుల ముఠాలో ఉంటూ ఆరేళ్లుగా మనకోసం పనిచేస్తున్న లెనోర్ వాస్కో ఆ ఊళ్లోనే ఉంది, ఆ రైలు ఏర్పాటు కూడా ఆమెదే, ఆమె చెప్పినట్టు నడుచుకో అని బయటికి దారి చూపించాడు.

సామాన్ల గదిలో ఒక దూరదర్శిని సంచి ఇచ్చారు. దానికి దొంగ అడుగు ఉంది. మీట నొక్కితే పైనున్న వస్తువు కిందికి జారి, కిందనున్నది పైకొస్తుంది. ఇలాంటివి రోక్ పదేళ్లుగా మోస్తున్నాడు. ఒక్కటీ పనికొచ్చిన పాపాన పోలేదు.

కోల్డ్ ఫోర్క్‌లో వేటగాళ్ల పత్రిక విలేఖరిగా దిగాడు. కాఫీ పోసే ఆవిడ అతని బూట్ల వంక చూసి, "కొత్తవే. గవర్నమెంటు వాళ్లు కొనిచ్చారా?" అంది. పక్క బల్ల వాళ్లు నవ్వలేదు. చేతిలో చెంచాలు ఆపి, అతను లేచి వెళ్లేదాకా అలాగే చూశారు.

లెనోర్ వాస్కో షూటింగ్ మైదానంలో కలిసింది. మూడేళ్లు వరసగా అక్కడి పోటీ గెలిచిన మనిషి. ముప్ఫై ఐదేళ్లుంటాయి. వెండి లోలాకులు, మోకాళ్ల దాకా బూట్లు. ఆమె నడుస్తుంటే మగవాళ్లు గురి తప్పుతారని ఊళ్లో ఒక మాట.

"గాలి ఉత్తరాన్నుంచేనా?" అన్నాడు రోక్.

"తూచిన ఇత్తడికి గాలితో పనేంటి," అంది లెనోర్. సంకేతం కలిసింది.

కలిసిన మరుక్షణం తూటాల పెట్టె అతని చేతికిచ్చి మోయించుకుంది. ముసలాడి సంగతి త్వరగా తేల్చెయ్యమంది, శనివారం పోటీలో తన పక్కనే పడుకుని గాలి చూసిపెట్టమంది. పెట్టె మూత తెరిచి చూపించింది. యాభై తూటాలు వరసగా నిలబడి ఉన్నాయి. గుండును పట్టుకునే సన్నటి మెడ దగ్గర ఒక్కోటి పెళ్లికూతురి గాజులా మెరుస్తోంది. నూలులాంటి ఉక్కుపీచుతో తనే రుద్దుతుందట. మురికి ఇత్తడిని చూస్తే తన చెయ్యి ఊరుకోదంది.

రోక్ మెచ్చుకున్నాడు. మరేం తోచలేదు.

లాకప్పులో ఆర్విల్ టాకెట్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. రోక్ తన అసలు పేరు, అసలు కార్డు చూపించాడు. ముసలాయన ఆ కార్డు కాళ్ల కింద పడేసి, "సంతకానికొచ్చావా? పెన్ను నీ దగ్గరే ఉంచుకో, చెవి గోక్కోవడానికి పనికొస్తుంది," అన్నాడు.

తొడుగు ఆయనదే కదా అని రోక్ అడిగాడు.

"నాదే. నా రైఫిల్లో పేలిందే. నిరుడు పోటీలో గడ్డిలో పడి పోయింది. రెండు గంటలు మోకాళ్ల మీద పాకి వెతికాను, ఊరంతా నవ్వింది. పోయిందని మైదానం బోర్డు మీద కాగితం కూడా అంటించాను. దొంగ ఆధారం ముందే పుట్టించుకున్నానంటాడు ఈ షెరీఫు." ఆర్విల్ అప్పుడు తిరిగాడు. "నువ్వు పట్నం వాడివి, నీకేం తెలుస్తుందిలే. చలికాలమంతా కూర్చుని ఐదొందల తొడుగులు తూచి, అందులో సమంగా తూగినవి యాభై ఏరతాను. మూతి కోసి సమం చేస్తాను. మెడ చుట్టూ వెంట్రుకవాసి గీకుతాను. లోపల నిప్పు దూరే కన్నంలో పొక్కు తీస్తాను. పేలి పేలి ఇత్తడి గిడసబారుతుందని ఒక్కోదాని మెడ మంటలో తిప్పుతాను. అంత చేసినోణ్ని, మనిషిని చంపి ఇత్తడి గుట్ట మీద వదిలేసి వస్తానా? కట్టుడు పళ్లయినా వదిలేస్తాను గానీ దాన్ని వదలను."

రోక్ జేబులోంచి, ఫైలుతో పాటు తనకిచ్చిన సీలు కవరు తీసి, తొడుగును ఆయన అరచేతిలో పెట్టాడు. ఆర్విల్ దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పాడు. మెడ మీద బొటనవేలు రుద్ది చూశాడు.

"దీనికి పౌడరెవరు రాశారు?"

"అంటే?"

"మంటలో తిప్పితే మెడ మీద నీలంరంగు పొర వస్తుంది, పావురం మెడలా. దాన్ని నేను తియ్యను. మంట ఎంతదాకా పాకిందో దాన్నిబట్టే తెలిసేది. పేలాక దానిపైన మసి పడుతుంది. గుట్ట మీద ఆరోజే పేలిందయితే మసి ఏది? నీలం ఏది? అద్దంలా రుద్దిపెట్టారు. దీన్ని ఎవరో ఏడాది ఇంట్లో దాచుకున్నారు, ఊరుకోలేక మెరుగు పెట్టారు, ఆ తర్వాత తెచ్చి పడేశారు. ఈ ఊళ్లో ఆ జబ్బు ఒక్కరికే ఉంది."

ఆ ఒక్కరి పెట్టెను రోక్ పొద్దున్నే మోశాడు.

ఫోన్లో ప్రూవిట్ వినలేదు. ఆరేళ్ల ఏజెంటును ఒక జైలు ముసలాడి మసి కబుర్లతో పట్టుకుంటావా, సంతకం తెమ్మంటే సామాన్లు తోమే పాఠం తెచ్చావా అని పెట్టేశాడు. రోక్ తొడుగు తీసుకుని షెరీఫ్ దగ్గరికెళ్లాడు. లోమాక్స్ కూడా వారం వారం మైదానానికెళ్లి కొట్టేవాడే. మెడ వంక ఒక్కసారి చూసి కుర్చీలో కూలబడ్డాడు. గాటు చూసి ఎగిరాడే తప్ప మెడ చూడలేదు. ఇంకెందులోనైనా తప్పుచేశాడనిపించుకున్నా ఫర్వాలేదు గానీ, ఇత్తడి విషయంలో బుద్ధిహీనుడనిపించుకుంటే ఆ ఊళ్లో షెరీఫు ఎన్నిక గెలవలేడు. నీ మొహం నాకు నచ్చలేదు, అయినా శనివారం దాకా నువ్వు చెప్పినట్టు చేస్తానన్నాడు.

కానీ మెరిసే మెడను చూసి ఏ కోర్టూ శిక్ష వెయ్యదు. ఆమె చెయ్యి రైఫిల్ మీద ఉండగా, రైఫిల్ సోర్లీ మీద ఉండగా పట్టుకోవాలి. మైదానం కుడివైపు, ఏటి అవతల, పదకొండు వందల గజాల దూరంలో రైల్వే ప్లాట్‌ఫాం ఉంది. శనివారం పదకొండింటికి పోటీలో నలభై రైఫిళ్లు ఒక్కసారి మొదలవుతాయి. ఆ మోతలో ఒక గొట్టం కాస్త కుడికి తిరిగితే ఎవరికి తెలుస్తుంది? రైలు వేళ కుదిర్చింది కూడా ఆమే.

ఉపాయం ఆర్విల్‌దే. తూటా పేలినప్పుడు తొడుగు ఉబ్బి, ఆ రైఫిల్లో తూటా కూర్చునే గూటి కొలత తెచ్చుకుంటుంది. తన పాత రైఫిల్ గూడు వదులు, లెనోర్‌ది బిగుతు. నిరుడు తన తూటా ఒకటి సరదాకి ఆమె రైఫిల్లో పెడితే, తూటాను గూట్లోకి తోసే బోల్టు సగంలో ఆగిపోయిందట. ఇంట్లో యాభై కొత్త తొడుగులున్నాయి, ఒకసారి తన గూట్లో పేల్చి మళ్లీ నింపినవి. గాటు ఇంకా పెట్టలేదు గనుక ఆమె తూటాల బదులు వాటిని అందిస్తే గుర్తుపట్టదు. మూడుసార్లు పేలి నిలిస్తేనే గాటు పెడతాడు, బిడ్డ నిలిచాక పేరు పెట్టినట్టు.

"అయితే వాటి మెడలు నీలంగా ఉంటాయిగా," అన్నాడు రోక్.

ఆర్విల్‌కు అప్పుడు అర్థమైంది తనను ఏం చెయ్యమంటున్నారో. శుక్రవారమంతా లాకప్పులో కూర్చుని, ఉక్కుపీచుతో యాభై మెడలూ రుద్దాడు. రోక్‌ను, రోక్ తండ్రిని, వాషింగ్టన్‌ను, ఉక్కుపీచు కనిపెట్టినవాణ్ని వరసగా తిట్టాడు. ఇన్ని రోజుల జైలు ఒక ఎత్తు, ఇదొక ఎత్తు అన్నాడు.

సోర్లీ దగ్గర రోక్ ఏమీ దాచలేదు. సన్నగా, కోపంగా ఉండే మనిషి. బోల్టు పడదని నమ్మకమేంటని అడిగింది. వెంట్రుకలో మూడోవంతు తేడా ఉందని ముసలాయన చెప్పాడన్నాడు. ఆయన కొలతలో తప్పు ఎంత వస్తుంటుందని అడిగింది. వెంట్రుకలో ఇరవయ్యో వంతు అన్నాడు.

"క్విస్ట్ కన్నా ఆయనే నయం. వస్తాను. తప్పయితే మాత్రం, మీరు రాసే రిపోర్టులో నా లెక్క తప్పని రాయకండి."

శనివారం. లెనోర్ పెట్టె మళ్లీ రోక్ చేతికిచ్చింది. సామాన్లు దించే పాకకీ కాల్పుల వరసకీ మధ్య నలభై అడుగులు. రోక్ ఆ పెట్టెను సంచిలో పెట్టి, ఎండ తగలకుండా తడిగుడ్డ కప్పుతున్నట్టు వంగి మీట నొక్కాడు. అది కిందికి జారి, అచ్చం అలాంటి పెట్టెలోనే ఆర్విల్ తూటాలు పైకొచ్చాయి. పదేళ్లలో మొదటిసారి ఆఫీసు సామాను పనిచేసింది.

పదకొండింటికి కాల్పులు మొదలయ్యాయి. లెనోర్ పడుకుని, గాలి చూస్తూ, ఒక్క గుండూ వెయ్యకుండా కాచుకుంది. ఆమెకు అవతల షెరీఫ్ లోమాక్స్ పోటీదారుగా పడుకుని ఉన్నాడు. పదకొండూ ఏడు నిమిషాలకు ప్లాట్‌ఫాం మీద బూడిదరంగు కోటు కనబడింది. డాక్టర్ సోర్లీ. ఒంటరిగా, సరిగ్గా గడియారం కింద నిలబడింది.

లెనోర్ రైఫిల్ గొట్టం మెల్లగా మైదానం హద్దుగా పాతిన ఎర్ర స్తంభం దాటి కుడికి తిరిగింది. తూటా పెట్టి బోల్టు తోసింది. సగంలో ఆగింది.

తీసి పక్కన పడేసి ఇంకోటి పెట్టింది. అదీ ఆగింది. దూరంగా రైలు కూత వినిపించింది. చలికాలమంతా వెంట్రుకవాసి కోసం ఓర్చుకునే మనిషి ఆ క్షణంలో ఓర్పు పోగొట్టుకుంది. అరచేత్తో బోల్టు పిడిని బలంగా కొట్టింది. తూటా గూట్లో బిర్రబిగిసింది, గొంతుకు ముద్ద అడ్డం పడ్డట్టు. ఇప్పుడు ముందుకూ పోదు, వెనక్కీ రాదు.

పక్కన పడేసిన తూటా మెడ ఎండకు తళతళలాడుతోంది. దాన్ని ఎత్తి చూసింది. అచ్చం తన చేతి మెరుగే, కానీ తన ఇత్తడి కాదు. ఆమె కళ్లు రోక్ మీదకు తిరిగాయి.

"గాలి ఉత్తరాన్నుంచి కాదు," అన్నాడు రోక్. "లాకప్పు నుంచి."

ఆమె చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. ప్రతి మంచి షూటరూ విడిగా ఒకటి దాచుకుంటాడు, తన సొంత ఇత్తడిలో ఏరి పెట్టుకున్న ఒక్కటి. అది ఆమె చేతిలోకొచ్చింది. కానీ రైఫిల్ నోరు నిండి ఉంది. ఆ ఒక్క తూటాను పట్టుకుని, దాన్ని పెట్టే చోటు లేక, ఆమె మొదటిసారి వికారంగా కనిపించింది. మరుక్షణం మరో చెయ్యి బూటులోని పిస్తోలు వైపు జారింది. లోమాక్స్ లేచి ఆ మణికట్టు మీద కాలు పెట్టాడు, మొత్తం బరువుతో.

పదకొండు పదికి రైలు కదిలింది. బూడిదరంగు కోటు అప్పటికే లోపలికెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం ప్రూవిట్ ఫోన్ చేసి, ఆమె మీద తనకు మొదట్నుంచీ అనుమానమేనన్నాడు. రోక్ అవునన్నాడు.

ఆర్విల్ విడుదలై మెట్లు దిగుతుంటే రోక్ పెట్టె తిరిగిచ్చాడు. ముసలాయన అక్కడే కూర్చుని లెక్కపెట్టాడు. నలభై ఎనిమిది. రెండు సాక్ష్యం కింద ఉన్నాయని, వాషింగ్టన్ వెళ్తాయని రోక్ నసిగాడు. ఆర్విల్ మూత వేసి, మెరిసే ఆ మెడల్ని ఎవరూ చూడకుండా టోపీ కప్పి, అతని దగ్గరగా వచ్చాడు.

"నన్ను జైల్లో పెట్టారని ఊరంతా చెప్పుకో, పర్లేదు. నా చేత్తో మెడలకు మెరుగు పెట్టానని ఎక్కడైనా అన్నావో, ఈసారి షెరీఫుకు గుట్ట మీద తొడుగు కూడా దొరకదు."