తొలి పందేల గుట్టు

రీగా నగరంలో వాన ముసురు పట్టిన నవంబరు మధ్యాహ్నం. ప్రైవేటు డిటెక్టివ్ వెల్గా స్ప్రోగె గదిలోకి వచ్చిన యువతి గొడుగు మడవడం కూడా మరచిపోయి కుర్చీలో కూలబడింది. ఆమె పేరు లియెనె. నది అవతలి స్టూడియోలో కెమెరా ముందు నిలబడి బ్లాక్‌జాక్ అనే పేకాటకు ముక్కలు పంచడం ఆమె ఉద్యోగం. ఎక్కడెక్కడి వాళ్లో ఇళ్లలో కూర్చుని, తెర మీద ఆమె చేతులు చూస్తూ పందేలు కాస్తారు.

"ఒకడెవడో నా బల్ల మీదే పదే పదే గెలుస్తున్నాడట. వాడికి ముక్కలు నేనే చెబుతున్నానని మా షిఫ్టు అధికారి ఎగిల్స్ గారు అంటున్నారు. రేపు పోలీసులకు అప్పగిస్తారట!"

"చెబుతున్నారా?" వెల్గా సూటిగా అడిగింది.

"లేదండీ! తిప్పేదాకా ఏ ముక్క వస్తుందో నాకే తెలీదు." లియెనె గొంతు తగ్గించింది. "నా భయం వేరే. మా ఆయన ఉగిస్ గణాంకాలు చదివినవాడు. ఈ ఆటే లెక్కలు వేసి ఆడతాడు. నాకు తెలియకుండా నా చేతుల్లోంచే ఏదో పసిగట్టాడేమోనని..."

"ఆయన్నే అడగలేకపోయారా?"

లియెనె తల దించుకుంది.

"మీరు కాక ఆ ముక్కల్ని ఇంకెవరు ముట్టుకుంటారు?"

"మోద్రిస్. ఆడేసిన పేకను వెనక బల్ల దగ్గర కలిపి, పెట్టెలో సర్ది ఇస్తాడు. వాడికి సిగరెట్ లేందే గడవదు. ఎగిల్స్ గారు మంచివారు, 'పోయి రారా, నేను కలుపుతాలే' అని పంపిస్తుంటారు."

ఆ సాయంత్రమే వెల్గా, ఆమె సహాయకుడు తాలిస్ ఉగిస్‌ను కలిశారు. గడ్డం మాసిన ఆ మనిషి మొదట ముఖం చిట్లించినా, ఆట మాట ఎత్తగానే హుషారెక్కాడు.

"జరిగిన ఆటలన్నీ లెక్కగట్టి చూశానండీ. కొత్త పెట్టె తెరిచినప్పుడు ఎవరికీ ఏమీ తెలీదు. అప్పుడు చిన్న పందెమే. చిన్న ముక్కలు ఎక్కువగా బయటికొచ్చేస్తే లోపల పదులు, ఆసులు మిగిలినట్టు. అవి ఆడేవాడికి కలిసొస్తాయి, అప్పుడు పందెం పెంచాలి. అయినా సగం పెట్టె కాగానే వాళ్లు ఆపేసి మళ్లీ కలిపేస్తారు. లాభం అంతంతమాత్రమే."

"మీ ఆవిడ బల్ల దగ్గర ఆడతారా?"

"అయ్యబాబోయ్! తన చేతులు చూస్తే నా లెక్క తప్పిపోతుంది."

మెట్లు దిగుతూ తాలిస్ గొణిగాడు. "మేడమ్, మాటలతో బోల్తా కొట్టిస్తున్నాడేమో!"

"రికార్డింగులు చూశాక చెబుతాను," అంది వెల్గా.

మర్నాడు పొద్దున్న స్టూడియో యజమానురాలు జింత్రా అనుమతితో ఇద్దరూ ఆ ఆటల వీడియోలు చూశారు. గెలిచినవాడు కొత్త పెట్టె తెరిచిన మొదటి ఆటల్లోనే పెద్ద పందేలు కాశాడు. అదీ అన్ని పెట్టెలకూ కాదు. తర్వాత ఆట మానేసి వెళ్లిపోయాడు. వెల్గా కిందికి వెళ్లి, పెరట్లోకి తిరిగి ఉన్న కెమెరా దృశ్యాలు కూడా అడిగి తెప్పించుకుంది.

పోలీసులు వచ్చేలోగా, ఉగిస్‌ను కూడా పిలిపించి, అందరినీ స్టూడియో భోజనాల గదిలో కూర్చోబెట్టింది. ఉగిస్ లియెనె వైపు అయోమయంగా చూస్తున్నాడు.

"లెక్కలతో ఆడేవాడికి ముక్కలు బయటికొచ్చేకొద్దీ ధైర్యం వస్తుంది," అని మొదలుపెట్టింది వెల్గా. "మన విజేత ధైర్యమంతా మొదట్లోనే. అంటే వాడు లెక్కపెట్టడం లేదు. ఏ ముక్కలు వస్తాయో ముందే తెలుసు. కాబట్టి ఉగిస్ కాదు."

"మరెవరు?" అంది జింత్రా.

"వాడు పెద్ద పందేలు కాసిన పెట్టెల్లో మొదట వచ్చిన ముక్కలు, అంతకుముందు బల్ల మీద వచ్చిన ముక్కలే. అదే వరసలో! వాటిని కలపకుండా పైనే ఉంచేశారు. ముందు ఆట తెరమీద చూసినవాడికి అంతకన్నా ఏం కావాలి? లియెనె ఆ పెట్టెలను అందుకుని పంచింది, అంతే."

ఎగిల్స్ దిగ్గున లేచాడు. "అయితే మోద్రిస్ పనే! పేక కలిపేది వాడేగా!"

మోద్రిస్ ముఖం పాలిపోయింది. "నేనా? అన్యాయం సార్!"

"ఆ పెట్టెలు తయారైన ప్రతిసారీ ఇతను పెరట్లో సిగరెట్ కాలుస్తున్నాడు. కెమెరాలో ఉంది," అంది వెల్గా ఎగిల్స్‌తో. "పంపించింది మీరు. కలిపింది మీరు. లియెనె భర్త ఈ ఆట ఆడతాడని తెలుసుకుని, నింద ఆమె మీదికి నెట్టిందీ మీరే. గెలిచిన ఖాతా ఎవరిదో పోలీసులకు మీరే చెబుతారా?"

ఎగిల్స్ తలుపు వైపు చూశాడు. తాలిస్ అప్పటికే అక్కడ నిలబడ్డాడు. ఎగిల్స్ తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. "మా బావమరిదిది."

జింత్రా లియెనెకు క్షమాపణ చెప్పింది. లియెనెకు అది సగమే వినిపించింది.

బయట ట్రామ్ ఆగేచోట వానలో ఉగిస్ అడిగాడు. "ఆ డిటెక్టివ్ దగ్గరికి నువ్వు వెళ్లింది నా గురించా?"

"అవును."

"నన్నే అడగొచ్చుగా. నిజం చెప్పేవాణ్ణి."

"చెబుతావనే భయపడ్డాను."

ట్రామ్ వచ్చింది. ఉగిస్ ముందు ఎక్కాడు. తలుపు మూసుకోబోతుంటే వెనక్కి తిరిగి ఆమెకు చెయ్యి అందించాడు.