గవ్వలపేట ఐపీ అడ్రస్

గొట్టం నోరు దభీమని తెరుచుకుంది. తెల్లారినప్పటినుంచీ అది నలభయ్యో డబ్బా. మూత ఊడి, వాడేసిన డైపర్లూ కుళ్ళిన రొయ్యపొట్టూ పోలమ్మ కాళ్ళ మీద పడ్డాయి. ఆమె కాళ్ళు విదిలించుకుంది.

"ఛీ, ఈళ్ళ బతుకులు పాడుగానూ!"

నీలగుండం నగరంలో చెత్తబండ్లు పోయి రెండేళ్ళయింది. ఇంటింటికీ ఓ గొట్టం. చెత్తను డబ్బాలో పెట్టి, చీటీ అంటించి వదిలితే చాలు. చీటీ మీద రెండు ఐపీ అడ్రసులుంటాయి: ఎక్కడినుంచి, ఎక్కడికి. కూడళ్ళలో ఉండే రౌటర్ అనే యంత్రం 'ఎక్కడికి' చూసి డబ్బాను ఆ దారికి తోస్తుంది. ఇంటర్నెట్‌లో ప్యాకెట్లు పోయేదీ ఇలాగే. తడి చెత్త, పొడి చెత్త కలిపి పంపితే చెత్తను శుద్ధిచేసే ప్లాంటు ఒప్పుకోదు. 'ఎక్కడినుంచి' చూసి వెనక్కి కొడుతుంది.

కాలనీల పెద్దమనుషులకు తమ చెత్త తాము వేరు చెయ్యడం నామోషీ. అందుకని చీటీ చింపేసి వదలడం నేర్చారు. అడ్రస్ లేని డబ్బాలన్నిటినీ రౌటర్ డిఫాల్ట్ గేట్‌వేకి, అంటే దారి తెలియనివన్నీ పోయి పడే గొట్టానికి, తోలుతుంది. ఆ గేట్‌వే గవ్వలపేటలో, పోలమ్మ గుమ్మానికి పదడుగుల్లో ఉంది.

ఆమె మనవరాలికి నెలలో మూడోసారి వాంతులు పట్టుకున్నాయి. పిల్ల పుల్లలా అయిపోయింది. పోలమ్మ తిన్నగా ఈ ఏర్పాటు కనిపెట్టిన డాక్టర్ హేమాద్రి దగ్గరికి వెళ్ళింది.

"ఏటి బాబూ, ఊరందరి కంపూ మాకేనా? మా పిల్ల బతకొద్దా?"

"అడ్రస్ లేని చోటే గేట్‌వే పెట్టాలని రూలమ్మా. మీ పేటకి అడ్రస్ లేదు."

"అయితే ఇవ్వండి. ఇచ్చినదాకా ఈ మెట్ల మీదే కూకుంటాను."

పదకొండు రోజులు కూర్చుంది. హేమాద్రి మంచివాడే, సిగ్గుపడ్డాడు. పేటకి అడ్రస్ ఇచ్చాడు, గేట్‌వే ఎత్తేయించాడు. చీటీ లేని డబ్బాను ఏ రౌటరూ తీసుకోకుండా చేశాడు. పేటకంటూ వేసిన గొట్టం పక్కన ఎర్ర బటన్ కూడా పెట్టించాడు.

"అక్కర్లేనిది వస్తే ఇది నొక్కమ్మా. పంపినవాళ్ళకే పోతుంది."

పేటవాళ్ళు నంబరు పలకకు పూలదండ వేశారు. రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడోనాడు డబ్బా వచ్చింది, చక్కగా చీటీతో. పోలమ్మ ముక్కు మూసుకుని బటన్ నొక్కింది. చేతులు కడుక్కునేలోగా అదే డబ్బా మళ్ళీ వచ్చి పడింది. చీటీ చూస్తే రెండు చోట్లా గవ్వలపేట నంబరే.

హేమాద్రికి ఫోన్ చేసింది.

"రౌటర్ 'ఎక్కడికి' మాత్రమే చూస్తుందమ్మా. 'ఎక్కడినుంచి' అన్నది పంపినవాళ్ళు ఏది రాస్తే అదే."

"అంటే మా కంపు మేమే మాకు పంపుకుంటన్నామా?"

"రికార్డులో... అలాగే ఉంటుందమ్మా," అన్నాడు నసుగుతూ.

నెల తిరిగేసరికి డబ్బాలు గుమ్మం దాకా పేరుకున్నాయి. రికార్డు చూసి మున్సిపాలిటీవాళ్ళు నగరంలోకెల్లా మురికి అడ్రస్ గవ్వలపేట అని తేల్చారు. శుభ్రత పాఠాలు చెప్పడానికి కాలనీల ఆడవాళ్ళు మాస్కులు కట్టుకుని వచ్చారు. పోలమ్మ చంకలో పిల్ల మళ్ళీ వాంతి చేసుకుంది. వచ్చినావిడ రెండడుగులు వెనక్కి వేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుంది.

"అసలు ఇంత చెత్త ఎలా చేస్తారమ్మా మీరు?"