మబ్బులు ఎత్తుకెళ్లిన తొమ్మిదిమంది

ఏడు కొండలకు ఇవతల, నువ్వుల చేలకు అవతల గిరిపాలుడనే రాజు ఏలే రాజ్యం ఒకటి ఉండేది. సగం కొండ, సగం మైదానం. ఒక చైత్రమాసంలో అక్కడి వాతావరణానికి మతి చలించింది. పొద్దున మాడు పగిలే ఎండ, మధ్యాహ్నం వడగళ్లు, సాయంత్రం సుడిగాలి. రాజుగారికి గొడుగు పట్టాలో, వింజామర వీయాలో తెలియక సేవకులు ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకునేవారు.

అంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ సుడిగాలి వచ్చినప్పుడల్లా ఒక పిల్లనో పిల్లవాడినో ఎత్తుకుపోవడం మొదలుపెట్టింది. అలా తొమ్మిదిమంది పోయారు. రాజు సైన్యాన్ని పంపాడు. గాలితో కత్తియుద్ధం ఎలా చేస్తారు? వెళ్లినవాళ్లు వెళ్లినట్టే తిరిగొచ్చారు.

తొమ్మిదో పిల్ల బుల్లెమ్మ. తల్లీతండ్రీ లేని ఆ ఆరేళ్ల పిల్లను అక్క నాంచారే పెంచుతోంది. కళ్లంలో నాంచారి కళ్ల ముందే చెల్లెలు పైకి లేచింది. నాంచారి ఎగిరి పట్టుకోబోయింది, అందలేదు. ఆ రాత్రంతా ఏడ్చి, తెల్లవారగానే కొంగు బిగించి కొండదారి పట్టింది.

మొదటి కొండ మీద ఒక ముని ఉన్నాడు. తపస్సులో ఉంటాడనుకుంటే, ఆయన కుటీరం పైకెక్కి తాటాకులు ఎగిరిపోకుండా రెండు చేతులా అదిమి పట్టుకుని ఉన్నాడు.

"స్వామీ, నా చెల్లెల్ని గాలి ఎత్తుకుపోయింది. మీరే దిక్కు!" అంది నాంచారి.

"ఏం చెప్పమంటావు తల్లీ! నూరేళ్ల తపస్సు చేసి కూడా నా ఇంటికప్పును నిలుపుకోలేకపోతున్నాను. ముందు ఆ తాడు అందించు," అన్నాడు ముని.

ఆమె తాడు అందించి, కప్పు బిగించే వరకూ సాయపడింది. "ఆ కనుమ దాటితే మబ్బుల బయలు వస్తుంది. కనుమలో రాకాసి ఉంటుంది. నీకివ్వడానికి నా దగ్గర మంత్రమేమీ లేదమ్మా," అని ముని తల దించుకున్నాడు.

కనుమలో తాటిచెట్టంత రాకాసి దుప్పటి కప్పుకుని కూర్చుంది. పూటకో తీరు వాతావరణానికి దానికి జలుబు చేసింది. నాంచారి దగ్గరికి రాగానే అది తుమ్మింది. ఆ దెబ్బకు ఆమె కొండ కిందికి దొర్లిపోయింది. ఆమె మళ్లీ ఎక్కింది, అది మళ్లీ తుమ్మింది. మూడోసారి నాంచారి మోచేతులు చెక్కుకుపోతున్నా నేలకు కరుచుకుని పాకుతూ వచ్చింది.

"నన్ను తింటావా, దారి విడుస్తావా? ఏదో ఒకటి తేల్చు," అంది ఏడుపు ఆపుకుంటూ.

"నిన్ను తిన్నా నాలిక్కి రుచి తెలియదే పిల్లా! పో, పో," అని రాకాసి ముక్కు చీదుకుంది.

మబ్బుల బయల్లో ఒక ముసలవ్వ కర్ర పట్టుకుని మబ్బులను గేదెల మందలా కాస్తోంది. ఆ మబ్బుల వీపుల మీద తొమ్మిదిమంది పిల్లలూ ఉన్నారు!

"అక్కా!" అని అరిచింది బుల్లెమ్మ.

నాంచారి పరుగెత్తి ఆ మబ్బును వాటేసుకుంది. చేతులకు తడి తగిలింది తప్ప చెల్లెలు అందలేదు. పదిసార్లు పట్టుకుంది, పదిసార్లూ అంతే. చివరికి ఆమె అక్కడే కూలబడి గుండెలు బాదుకుంది.

"నా చేతిలో కూడా లేదే అమ్మా," అంది ముసలవ్వ. "కొండోళ్లు చెట్లకి ఖాళీ కుండలు కట్టి, రమ్మని పిలుస్తన్నారు. మీరేమో నువ్వుల కుప్పల మీద చాపలు కప్పి, రావద్దంటన్నారు. అటూ ఇటూ తిరగలేక నా మందకి పిచ్చెక్కింది. కనపడిన పిల్లనల్లా ఎత్తుకొస్తంది. మబ్బు నేలకి దిగితేనే పిల్లలు దిగుతారు. కొండ కుండలు దింపాలి, మైదానం చాపలు తియ్యాలి. అప్పుడే మంద మొత్తం ఒకే చోట, మైదానంలో దిగుద్ది. కానీ మీ నువ్వులు కుళ్లిపోతాయి. కొండకి ఆషాఢం దాకా చుక్క నీరుండదు. చూసుకో మరి."

నాంచారి కిందికి వచ్చి, కొండకూ మైదానానికీ మధ్యనున్న వాగు ఒడ్డున అందరినీ పిలిచి ఈ మాట చెప్పింది.

"తొమ్మిదిమంది కోసం ఊరూరంతా పస్తులుండమంటావేటే?" అన్నాడు మైదానం పెద్ద వీరన్న.

"ఇప్పటికే ఊటలెండిపోనాయి. కుండలు దింపితే ఏటి తాగుతాం?" అన్నారు కొండవాళ్లు.

వాళ్ల మాట తప్పని నాంచారి అనలేకపోయింది. అందరూ వెళ్లిపోయారు. ఆమె తన కళ్లానికి వెళ్లి తన కుప్ప మీది చాప తీసేసింది. వెయ్యి కుప్పల్లో ఒక్క కుప్ప. మబ్బు నాలుగు చినుకులు రాల్చి పక్కకు తప్పుకుంది.

తిరిగి వాగు దగ్గరికి వస్తే, అవతలి ఒడ్డున కొండజాతి ఆడమనిషి ఒకామె కూర్చుని ఉంది. పేరు సోమిలి. ఆమె కొడుకు కూడా ఆ మబ్బుల్లోనే ఉన్నాడు. తన చెట్టు నుంచి దింపిన కుండను ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకేటి సేస్తాం అప్పా?" అంది సోమిలి.

చెయ్యడానికి ఏమీ లేదు. ఇద్దరూ ఆకాశం కేసి చూస్తూ పిల్లల పేర్లు పెట్టి పిలవసాగారు. తమ ఇద్దరివే కాదు, తొమ్మిది పేర్లూ. మొదట్లో విసుక్కున్న జనం మెల్లగా పనులు ఆపారు. మూడోరోజుకు గొంతులు బొంగురుపోయినా ఆ పిలుపు ఆగలేదు.

వీరన్న వాళ్లను కసరడానికి వచ్చాడు. కాసేపు నిలబడి విన్నాడు. "రేపు సుడిగాలి నా మనవణ్ణి ఎత్తుకుపోతే, ఈ నువ్వులు ఎవరికి పెడతాన్రా నేను?" అని తనలో తను గొణుక్కున్నాడు. గబగబా వెళ్లి తన కుప్ప మీది చాప లాగి పారేశాడు. అది చూసి పక్కవాడు తీశాడు, అవతలి ఒడ్డున కొండవాళ్లూ కుండలు దింపసాగారు. సాయంత్రానికి మైదానంలో చాప కప్పిన కుప్ప లేదు, కొండమీద కుండ కట్టిన చెట్టు లేదు.

మంద మొత్తం ఒక్కసారిగా దిగింది. అంత వాన ఎవరూ ఎరగరు. ఆ ధారల వెంట జారుతూ తొమ్మిదిమంది పిల్లలూ తడిసిన నువ్వుల కుప్పల మీద పడ్డారు. బుల్లెమ్మ అక్క మెడ పట్టుకుని, "ఇంతసేపు చేశావేం?" అని దెబ్బలాడింది. నాంచారి నవ్వుతూ ఏడ్చింది.

గిరిపాలుడు సిగ్గుపడి తన గాదెలు తెరిపించాడు. మైదానం ఎడ్లబళ్లు కొండకు నీళ్లు మోశాయి. ఎవరు ఎప్పుడు మబ్బును పిలవాలో ముందే కూర్చుని తేల్చే అధికారం రాజు నాంచారికీ, సోమిలికీ అప్పగించాడు. ఆపైన సుడిగాలి ఎవరినీ ఎత్తుకుపోలేదు.

ఆ ఏడాది రాజ్యంలో ఒక్క ఇంట కూడా నువ్వులూ బెల్లమూ కలిపి చిమ్మిలి దంచలేదు. చిమ్మిలి కావాలని మారాం చెయ్యడానికి పిల్లలు మాత్రం ప్రతి ఇంటా ఉన్నారు.