ఆరో పలక

"ఏందబ్బాయ్, చెక్కతో మాట్లాడుతుండావా?"

అటక మీద గొంతుక్కూర్చున్న యెహోషువ ఉలిక్కిపడ్డాడు. తల ఎత్తబోయి వాసానికి ఠక్కున కొట్టుకున్నాడు.

"నేను మాట్లాడటంలా. అది మాట్లాడతా ఉంటే వింటుండా."

నిచ్చెన పట్టుకుని కింద నిలబడ్డ ప్రేమలీల పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు మాత్రం ఆగలేదు.

అది అరవై నాలుగో సంవత్సరం, అక్టోబరు నెల. బిట్రగుంట రైల్వే కాలనీ వెనక ఎస్తేరమ్మది పెంకుటిల్లు. కొడుకు రైలింజనులో ఫైర్‌మన్, నెలలో సగం రోజులు ఊళ్ళ మీదే. ఇంట్లో ఉండేది ఎస్తేరమ్మ, మనవరాలు ప్రేమలీల. వానలు ముదరకముందే పుచ్చిన వాసాలు మార్చాలని, క్యారేజీ షెడ్డులో వడ్రంగం చేసే యెహోషువను పిలిపించింది ఎస్తేరమ్మ.

వాసాలు చూడమంటే అతను అటక మీదున్న పనస పలకల్ని వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు.

"ఏమంటుండాది మరి?" అంది ప్రేమలీల.

"ఇన్నేళ్ళుగా నన్నెవరూ పలకరించలేదే అంటుండాది. పాపం, గొంతు మటుకు గంట మాదిరి ఉండాది."

యెహోషువకు ఒక పిచ్చి ఉంది. గిటార్లు చేస్తాడు. అవి కరెంటుతో పలికేవి. కాలనీలో ఒక గార్డు గారి గిటారు విరిగితే అతికించి ఇచ్చాడు. అప్పుడు పట్టుకుంది ఆ పిచ్చి. పాత టెలిఫోన్ల అయస్కాంతాలు, కాలిపోయిన ఫ్యాను లోపలి రాగి తీగ తెచ్చి, నాదాన్ని పట్టే తీగచుట్టలు చుట్టేవాడు. గిటారును వైరుతో కలిపితే పాట వినపడేది గార్డు గారి పాత రేడియోలోంచి.

"మామిడితో ఒకటి చేసినా. వానాకాలం రాంగానే మెడ వంగిపోయింది. టేకుతో ఇంకోటి చేసినా. మంచిదే గానీ, రెండు పాటలకే భుజం వాచింది. పనస అట్ట కాదు. తేలిక. బాగా ఆరిందైతే చాలాసేపు మోగతా ఉంటుంది."

"కరెంటుతో పాడేదానికి ఏ చెక్కయితే ఏంది?"

యెహోషువ నిచ్చెన సగం దిగి ఆమె మొహంలోకి చూశాడు. "ఏ బియ్యమైతే ఏంది, ఉడికేది పొయ్యి మీదే గదా అన్నట్టుంది. మొలగొలుకుల అన్నం తినే నోటితో అనాల్సిన మాటేనా?"

ప్రేమలీల నిచ్చెన కొంచెం ఊపింది.

"ఓయమ్మా, పడతా!"

"పడితే నీ పనస మోగినట్టు నువ్వూ మోగుతావులే."

పని మూడు రోజులది. వాన పడడంతో ఆరు రోజులైంది. వాన పెద్దదైనప్పుడల్లా యెహోషువ వసారాలో కూర్చునేవాడు. ప్రేమలీల టీ తెచ్చేది. చెక్కల సంగతులే చెప్పేవాడతను. గిటారు మెడకు టేకు, దాని మీద మెట్లు బిగించే పట్టీకి నల్లటి జిట్రేగి చెక్క అని చెప్తూ, గాలిలో వేళ్ళు కదిలించేవాడు. ఆమె ఆ వేళ్ళనే చూసేది. అతను చూస్తే చూరు నీళ్ళు చూసేది.

చివరి రోజు అవ్వ మార్కెట్టుకు పోయిన వేళ, ప్రేమలీల నిచ్చెన దగ్గరికి వచ్చి అంది. "పలక ఒకటి తీసుకుపో."

"అవ్వనడగొద్దా?"

"అడిగినా. పాత సామానంట. తీసుకుపొమ్మనింది."

అతని మొహం వెలిగింది. ఆ వెలుగు కోసమే ఆమె అబద్ధమాడింది. పలక భుజాన వేసుకుని వానలో అతను పోతుంటే ఆమె గుండె ఒకసారి సంతోషంతో కొట్టుకుంది. రెండోసారి భయంతో.

ఎందుకంటే అవి పాత సామాను కావు. ఎస్తేరమ్మ తన శవపెట్టె కోసం దాచుకున్న ఆరు పలకలవి.

ఎస్తేరమ్మ పెనిమిటి గాలివాన రోజుల్లో పోయాడు. ఊళ్ళో చెక్క దొరకలేదు. సబ్బుల పెట్టెలు విప్పి, ఆ బల్లలతోనే పెట్టె కొట్టారు. సబ్బు పేరు పైకి కనపడుతుండగానే ఆయన్ని గోతిలోకి దించారు. ఆ తలవంపు ఆమె మరిచిపోలేదు. ఆరు పనస పలకలు కోయించి అటక ఎక్కించింది. పన్నెండేళ్ళుగా, వానలు తగ్గి ఎండ పొడ రాగానే వాటిని దించి, వేపనూనె పూసి, లెక్కపెట్టి మళ్ళీ ఎక్కించేది.

అవ్వ గుండ్రాయిలాగా ఉంది, ఇప్పుడిప్పుడే అవసరం రాదు, ఈలోగా ఇంకో పలక తెచ్చి పెట్టొచ్చు అనుకుంది ప్రేమలీల. తేలేదు. రోజులు గడిచాయి.

క్రిస్మస్ నెల మొదటి శనివారం ఎండ కాసింది. ఎస్తేరమ్మ పలకలు దింపించింది. అయిదే ఉన్నాయి.

"ఆ వడ్రంగోడు తప్ప అటక ఎక్కిందెవురే?"

"తెలీదవ్వా."

అది రెండో అబద్ధం. మొదటిదానికంటే సులువుగా వచ్చింది. ప్రేమలీల తన నోటిని తానే అసహ్యించుకుంది.

మర్నాడు చర్చిలో ఆరాధన అయ్యాక పాటలు పాడాలి. యెహోషువ కొత్త గిటారు మొదటిసారి గుడికి తెచ్చాడు, గార్డు గారి రేడియోతో సహా. పలకను రెండుగా కోసి, ఒకదాని మీదొకటి అతికించి మలిచిన గిటారు. పసుపు కొమ్ములా మెరుస్తోంది. తీగ మీటగానే గార్డు గారి రేడియోలోంచి వచ్చిన నాదానికి, ఏడుస్తున్న చంటిపిల్ల ఒకటి ఏడుపు మానింది.

ఎస్తేరమ్మ లేచింది. నేరుగా అతని దగ్గరకు నడిచి గిటారు వాసన చూసింది.

"వేపనూనె! ఇది నా పెట్టె పలక. నేను మట్టిలోకి పోయేదానికి దాచుకున్న పలకను దొంగిలించి పాటలు పాడుతుండావంట్రా, సిగ్గులేనోడా?"

యెహోషువ చేతిలో గిటారు ఒక్కసారిగా బరువెక్కినట్టు వంగింది. అది శవపెట్టె పలక అని అతనికి ఇప్పుడే తెలిసింది. తలెత్తి ప్రేమలీల వైపు చూశాడు, ఒక్క చూపు. తర్వాత తల దించుకున్నాడు.

"నేనే తీసినా అవ్వా. తప్పైంది."

చెప్పు, చెప్పు అని ప్రేమలీల గుండె కొట్టుకుంది. నోరు మటుకు తెరుచుకోలేదు. అందరూ అతన్ని చూస్తున్నారు. తనను ఎవరూ చూడడం లేదు. అదే ఆమెను ఎక్కువ కాల్చింది.

మంగళవారం దాకా ఆమెకు ముద్ద దిగలేదు. ఆ సాయంత్రం అతని ఇంటికి పోయింది. యెహోషువ వసారాలో తీగలు విప్పుతున్నాడు.

"ఏం చేస్తుండావు?"

"అతుకు విప్పి పలక చేసి ఇచ్చేస్తా. అంచులు కోసేసినా గదా, అవి మటుకు రావు. ఆమెకు పలక పొట్టిదైపోయింది." అతను ఇంకో తీగ వదులు చేశాడు. "పెట్టె పలక అని ఒక్క మాట చెప్పుంటే ఉలి పెట్టేవాణ్ణి కాదు ప్రేమలీలా."

"నా పేరెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావేమో అని చూసినా."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట తిట్టుకంటే లోతుగా దిగింది. ఆమె అతని చేతిలోని తీగ పట్టుకుంది.

"ఆదివారం దాకా విప్పొద్దు. గుడికి తీసుకురా. వస్తావా?"

"ఏ మొహం పెట్టుకుని?"

"నా మొహం పెట్టుకుని," అంది, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతూ.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రేమలీల ఆడవాళ్ళ వైపు నుంచి లేచి ముందుకు నడిచింది. పది అడుగులే. పోయిన వారం యెహోషువ నిలబడ్డ చోటే నిలబడింది.

"అవ్వా, పలక నేనిచ్చినా. పాత సామానని అబద్ధం చెప్పి ఇచ్చినా. ఆయన్ని నువ్వు దొంగ అంటుంటే ఇందరిలో నోరు మూసుకున్నా. దొంగతనం నాది." చెప్పేసరికి చెవుల దాకా మంటలెక్కాయి. తల ఎత్తలేకపోయింది.

ఎస్తేరమ్మ కర్ర ఆనించుకుంటూ లేచింది.

"ఎందుకిచ్చినావే?"

"ఆయన సంతోషపడతాడని."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎస్తేరమ్మ అటు చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"నన్నడిగుంటే నాలుగు తిట్టి ఇచ్చేదాన్నేమో. అడగలేదు, అది నేను మరిచిపోనులే." గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న యెహోషువ వైపు ఆమె తిరిగింది. "ఇందరిలో నిన్ను సిగ్గులేనోడా అన్నా. సిగ్గుపడాల్సింది నేను. మనసులో పెట్టుకోవద్దు నాయనా. ఏదీ, వాయించు."

యెహోషువ రేడియో వైపు చూశాడు. ఆ పూట కరెంటు లేదు. "కరెంటు లేకపోతే దీని గొంతు చిన్నదవ్వా. వినపడదు."

ఎస్తేరమ్మ వంగి గిటారు చెక్కకు చెవి ఆనించింది. అతను మెల్లగా మీటాడు. గుడిలో ఎవరికీ సరిగ్గా వినపడలేదు, ఆమెకు తప్ప. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఈ పలకలోంచి నాకు వినపడేది మట్టి పడే చప్పుడొకటే అనుకున్నానే," అంది మెల్లగా.

తర్వాత నిటారుగా నిలబడి, మామూలు గొంతుతో అడిగింది. "ఇప్పుడు నా పెట్టెకు ఆరో పలక కావాల. పచ్చి పనస కోసి ఇంత గట్టిగా ఆరబెట్టాలంటే ఎన్నేళ్ళు పడుద్ది?"

"పన్నెండేళ్ళు అవ్వా."

"అట్టయితే పన్నెండేళ్ళు నేను పోయేదానికి లేదు. ఏటేటా దాన్ని దించి నూనె పుయ్యాల, ఎండబెట్టాల, మళ్ళీ ఎక్కించాల. అదంతా నువ్వే చెయ్యాల. అయితే బయటోణ్ణి ఇంక నా అటక ఎక్కనియ్యను. ఒకసారి ఎక్కనిచ్చి చూసినా." ఆమె మనవరాలి వంక ఓరగా చూసింది. "ఇంటల్లుడైతే ఎక్కొచ్చు. దీని నాయన డ్యూటీ దిగి రానీ, నేను మాట్లాడతా."

యెహోషువ గబగబా తలూపాడు. ప్రేమలీల ఇంకా తల ఎత్తలేదు. అలాగే నేల చూస్తూ, అతనికి మాత్రమే వినపడేంత చిన్నగా అంది.

"నిచ్చెన నేను పట్టుకుంటా. ఈసారి ఊపను."