డిస్కు మీద మచ్చ

"నన్ను చంపాలని చూస్తున్నారండీ. బయటివాళ్ళు కాదు, మా ఇంట్లోవాళ్ళే."

నర్సు కుర్చీలో కూర్చోకుండానే ఆ మాట అంది. డిటెక్టివ్ చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టింది. అసిస్టెంటు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అతను ఇన్సూరెన్సు ఆఫీసు వదిలి ఆవిడ దగ్గర చేరింది ఇలాంటి ఉదయాల కోసమే.

నర్సు ఇంటింటికీ వెళ్ళి మంచాన పడ్డవాళ్ళకు కట్లు మార్చి వస్తుంది. ఆ పనికి మోటార్‌సైకిలే ఆమె కాళ్ళు. కొన్నాళ్ళుగా ముందు బ్రేకు పడితే చాలు, హ్యాండిల్ దడదడలాడుతోంది. మెకానిక్ చక్రం డిస్కును నొక్కిపట్టే ప్యాడ్లు మార్చాడు. నాలుగు రోజులు బాగుంది, మళ్ళీ అదే వణుకు. నిన్న సాయంత్రం కొండరోడ్డు దిగుతుంటే ఆ కుదుపుకి లీవరు చేజారి, లారీ కింద పడబోయి వెంట్రుకవాసిలో తప్పించుకుంది.

ఆమె అనుమానమంతా మరిది మీద. అతను వడ్రంగి. చెక్కలు తెచ్చుకోవడానికి బండి అడిగితే ఆమె ఇవ్వలేదు. "ఆ బండి నీకూ దక్కదులే వదినా" అన్నాడట. మర్నాడు పొద్దున్నే స్పానరు పట్టుకుని బండి దగ్గర నిలబడి ఉన్నాడు. సంగతి విన్న భర్త తమ్ముణ్ణి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు.

"బండిని చూడాలి. తర్వాతే మనుషుల్ని" అంది డిటెక్టివ్.

కొండ దిగగానే వాళ్ళ ఇల్లు. వాకిలి గేటు వైపు ఏటవాలుగా ఉంది. డిటెక్టివ్ చీర కుచ్చెళ్ళు దోపుకుని బండి పక్కన చతికిలబడింది. బ్రేకు బోల్టుల మీద మెకానిక్ గీసిన పసుపు గీతలు చెక్కుచెదరలేదు, అంటే వాటిని ఎవరూ తిప్పలేదు. ముందు చక్రం పైకి లేపి, డిస్కుకు కొలత గడియారం ఆనించి తిప్పింది. సూది కదల్లేదు, అంటే డిస్కు వంకరపోలేదు. ఫోర్కు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపింది. స్టీరింగు బేరింగు గట్టిగానే ఉంది. ఇక టార్చి వేసి చూస్తే, మెరిసే డిస్కు మీద ఒక్కచోట నల్లటి మచ్చ. అసిస్టెంటు గుడ్డతో తుడిచాడు. అది పోలేదు. లీవరు సందులో ఆకుపచ్చ నూలు పోగు ఒకటి చిక్కుకుని ఉంది.

మరిదిని అడిగితే దాచలేదు. "అద్దం వదులైతే బిగించానండీ, పొద్దున్నే. కోపంలో నోరు జారాను. అంతమాత్రాన వదిన ప్రాణం తీస్తానా?" సాయంత్రాలు అతను షాపులోనే ఉంటాడట. చీకటి పడ్డాకే ఇంటికి చేరతాడు. బస్సు కండక్టరైన భర్త అంతకంటే ఆలస్యం. కోడలు వచ్చేసరికి ఇంట్లో ఉండేది అత్తగారొక్కతే. ఒకసారి బండి దానంతటదే జారి గేటుకు కొట్టుకుందని ఆమె చెప్పింది. అప్పటినుంచి దాన్ని చూస్తేనే ఆమెకు గుండెల్లో గుబులు.

డిటెక్టివ్ నలుగురినీ ముందుగదిలో కూర్చోబెట్టింది.

"బండిని ఎవరూ విప్పలేదు. కొండ దిగొచ్చిన బ్రేకు నిప్పులా కాలుతూ ఉంటుంది. అప్పుడు లీవరు బిగించి అలాగే వదిలేస్తే, ప్యాడ్లలోని పదార్థం డిస్కుకు ఒకేచోట అంటుకుంటుంది. డిస్కు మీద మేం చూసిన మచ్చ అదే. చక్రం తిరిగిన ప్రతిసారీ ప్యాడు దాని మీద తడబడుతుంది. మచ్చ అలాగే ఉంచి ప్యాడ్లు ఎన్ని మార్చినా లాభం లేదు. పొద్దున బ్రేకు చల్లగా ఉంటుంది, అప్పుడు కట్టినా మచ్చ పడదు. కాబట్టి మీ మరిది కాదు. అమ్మగారూ, సాయంత్రం లీవరును దేనితో కడుతున్నారు?"

అత్తగారు తెల్లబోయింది. "పాత ఆకుపచ్చ చీర అంచుతోనండీ. మళ్ళీ జారి ఎవరి మీద పడుతుందోనని... తెల్లారకముందే విప్పేస్తాను. కోడలు బండి ఎవర్నీ ముట్టుకోవద్దంది కదా, అందుకే చెప్పలేదు. దానివల్ల ఇంత ముప్పుందని నాకేం తెలుసు?"

"చెప్పడానికి భయపడేలా చేసింది నేనే అత్తయ్యా" అంది నర్సు.

మధ్యాహ్నానికల్లా డిటెక్టివ్ డిస్కును రెండువైపులా గరుకు కాగితంతో రుద్ది, స్పిరిటుతో తుడిచి, కొత్త ప్యాడ్లు వేయించింది. నర్సును ఖాళీ రోడ్డు మీద మొదట మెల్లగా, తర్వాత కాస్త గట్టిగా బ్రేకు పడుతూ, పూర్తిగా ఆగకుండా వేగం తగ్గిస్తూ పెంచుతూ తిరిగి రమ్మంది. అలా చేస్తే ప్యాడు డిస్కంతటా సమంగా అంటుతుందని, ఇకమీదట వాలులో ఆపితే బండిని గేరులో ఉంచమని చెప్పింది. నర్సు తిరిగొచ్చి గేటు ముందు బ్రేకు పట్టింది. హ్యాండిల్ కదల్లేదు. భయం భయంగా వెళ్ళిన మనిషి నవ్వుతూ దిగింది.

"మీరు ముందే కనిపెట్టేశారు కదా మేడమ్?" అన్నాడు అసిస్టెంటు.

"పోగు కనబడ్డాకే" అంది ఆవిడ.

లోపల నర్సు భర్త తన తమ్ముడి గదిలోకి వెళ్ళాడు. పెట్టెకు అప్పటికే తాడు బిగించి ఉంది. ముడి విప్పి, బట్టలు తీసి అలమరలో పెట్టడం మొదలుపెట్టాడు. తమ్ముడు గుమ్మంలో చేతులు కట్టుకుని కాసేపు చూశాడు.

"జరుగన్నయ్యా" అన్నాడు ఆఖరికి. "చొక్కాలు మడతపెట్టడం నీకు ఈ జన్మలో రాదు."